విజయక్క సెంటర్‌లో చెరకు ఫైలు

మా ఆఫీసు గేటు పక్కన ఒకతను చెరకు రసం బండి పెట్టుకుంటాడు. మధ్యాహ్నపు ఎండకు పిప్పి కుప్ప నుంచి తియ్యగా, కాస్త పులిసినట్టు ఒక వాసన లేస్తుంది. హైదరాబాదులో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను బాన్సువాడ బస్టాండు వెనక వీధిలో, విజయక్క కంప్యూటర్ సెంటర్‌లో ఉంటాను. నాతో రసం తాగడానికి వచ్చేవాళ్ళకు ఆమె గురించి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, గ్లాసు ఖాళీ చేసి వచ్చేస్తాను.

విజయక్కది దగ్గర్లోని వర్ని. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలాలు చేసుకుంటూ స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో కోస్తా మాట, బయట మా మాట. రెండూ కలిపి ఆమెకంటూ ఒక భాష ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను డిగ్రీ ముగించి, రోజూ బీర్కూరు బస్సులో వచ్చి ఆమె దగ్గర పనిచేసేదాన్ని. కంప్యూటరు మొరాయిస్తే ఎవరైనా విసుక్కుంటారు. ఆమె మాత్రం ఉత్సాహంగా ముందుకు జరిగి, పెళ్ళికొడుకును చూడటానికి వచ్చిన మేనత్తలా దాన్ని ఎగాదిగా చూసేది. "ఆపెయ్యకు సుగుణా, ఎక్కడ ఆయాసపడుతోందో చూద్దాం" అనేది. నాకేమో బస్సు ఫికరు.

ఆ ఏడాది ఒక చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళు మాకు పని అప్పగించారు. ఏ ఊళ్ళో ఏ రైతు ఎంత పొలంలో ఎప్పుడు చెరకు నాటాడో ఆ వివరాలన్నీ ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో రాసి వాళ్ళ పెద్దాఫీసుకు పంపాలి. ప్రతి వివరానికీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు పెట్టి, ఊరి లోపల రైతు, రైతు లోపల పొలం అన్నట్టు ఒకదానిలో ఒకటి అమర్చే పద్ధతి అది. దాన్ని చూసి అక్కడ కోత వరుస ఖాయం చేస్తారు. గడువు రోజు సాయంత్రానికి ఫైలు చేరని మండలం వరుసలో చివరికి పోతుంది. అప్పటిదాకా ముదిరిన చెరకు చేలోనే ఎండి బెండవుతుంది. నా చేతిలో ఉన్నది బీర్కూరు మండలం ఫైలు. అందులో మా నాన్న చెరకు కూడా ఉంది. సొంత పొలం కోసం తొందరపడుతున్నానని అనుకుంటుందేమోనని అక్కకు ఆ సంగతి చెప్పలేదు.

గడువు రోజు పొద్దున నా ప్రోగ్రాం నడిపించాను. పెర్ల్ అనే కంప్యూటరు భాషలో రాశాను. ఇప్పుడు పాతబడింది కానీ, అప్పట్లో అక్కకు ప్రాణం. ఒక్కో ఊరు విడిగా ఇస్తే చకచకా చేసింది. మండలం మొత్తం ఇచ్చేసరికి కంప్యూటరు గుడ్లు తేలేసింది.

"గిదేంది అక్కా, ఎంతకూ ముందుకు పోతలేదు."

"ఏం మోస్తోందో చూడు ముందు" అంది.

చూశాం. నా ప్రోగ్రాం రైతులందరినీ మెమరీలో ఒక పెద్ద చెట్టులా కట్టి, అంతా అయ్యాక ఒక్కసారే ఫైల్లోకి దించాలని చూస్తోంది. మోయలేక కూలబడింది. అక్క నవ్వింది. "కాలువ నీళ్ళన్నీ ఒకేచోట నిలబెట్టి పారిస్తామా? ఒక మడికి గండి కొట్టు, తడుపు, పూడ్చెయ్. ఇగ ఆ మడిని మర్చిపో."

అలాగే మార్చాను. ఒక రైతును చదవడం, గుర్తు తెరవడం, రాయడం, మూయడం, మర్చిపోవడం. మెమరీ మీద బరువు ఇసుమంతైనా పెరగలేదు. ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. ఫైలు పైభాగంలోనే మండలంలోని చెరకు మొత్తం విస్తీర్ణం ఉండాలట. పైన రాసే సమయానికి మొత్తం ఎంతో తెలియదు, తెలిసేసరికి పైభాగం ఎప్పుడో రాసేసి ఉంటాం.

"అంతా చదవకముందే మొత్తం నాకెట్ల తెలుస్తది అక్కా?"

పల్లీలు ఒలుచుకుంటూ తెర వైపు చూసింది. "అవును కదా. ఎట్లా తెలుస్తుందంటావ్?"

నన్నే అడిగింది. ఒళ్ళు మండింది. ముందు అందరినీ చదివి మెమరీలో దాచుకుని, తర్వాత రాద్దామని చూశాను. మళ్ళీ కూలబడింది. మధ్యాహ్నం సెంటర్‌కు నాన్న ఫోను చేశాడు. "బిడ్డా, మన మండలంది పోయిందా పైకి?"

"పోతది నాయినా, ఫికర్ చెయ్యకు" అన్నాను గొంతు తగ్గించి.

కాసేపటికి అక్క తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "మా నాన్న నీళ్ళు వదిలే ముందు గట్టు వెంబడి ఉత్త చేతులతో నడిచొచ్చేవాడు. పార కూడా తీసుకెళ్ళేవాడు కాదు." అంతే, మళ్ళీ పల్లీల్లో పడింది.

ఉత్త చేతులతో. అప్పుడు వెలిగింది నాకు. మొదటిసారి ఊరికే చదువుకుంటూ పోవాలి, విస్తీర్ణం కూడుకోవడం తప్ప ఎవరి వివరమూ దాచుకోకూడదు. రెండోసారి మళ్ళీ మొదటినుంచి చదువుతూ రాయాలి. రెండుసార్లు చదివితే ఆలస్యమని భయపడ్డాను కానీ, టీ తెప్పించుకునేలోపే ఫైలు సిద్ధమైంది. ఫోను లైను మీద పంపేశాం, చేరినట్టు జవాబు కూడా వచ్చింది.

అప్పుడు అక్క తన కంప్యూటరు తెర నా వైపు తిప్పింది. అదే ఫైలు, పైన మొత్తం విస్తీర్ణంతో సహా. "ఇది పొద్దున్నే అయిపోయింది. నీది కాకపోతే ఐదింటికి దీన్నే పంపేదాన్ని."

"మరి చెప్పొచ్చు కదక్కా. మా నాయిన చెరుకు ఉన్నది దాంట్ల."

"నువ్వు ఫోన్లో మాట్లాడుతుంటే విన్నానమ్మా. నోటిదాకా వచ్చింది. కానీ నువ్వు దగ్గరికొచ్చేశావ్. ఎట్లా చేరతావో చూడాలనిపించింది."

ఆమెతో మాట్లాడకుండా బస్సెక్కాను. వరుస ప్రకారం మా చెరకు కోతకు వచ్చింది, నాన్న కుదుటపడ్డాడు. నా కోపం మాత్రం చాలా రోజులు పోలేదు. దగ్గర జవాబు పెట్టుకుని మనిషిని అంతసేపు అల్లాడనివ్వడం ఏం మంచితనం అనుకునేదాన్ని.

ఇప్పుడు నా కింద పిల్లలు పనిచేస్తున్నారు. నిన్న వాళ్ళలో ఒకమ్మాయి పొద్దుటి నుంచీ ఒక్కచోటే ఆగిపోయింది. జవాబు నా నాలుక మీదే ఉంది, చెప్పకుండా ఉండలేక సతమతమయ్యాను. సాయంత్రానికి తనంతట తానే దాన్ని పట్టుకుంది. తర్వాత నా మొహం చూసి, "మీకు ముందే తెలుసు కదా మేడం" అంది, కళ్ళలో నీళ్ళతో. తెలుసన్నాను. ఆనాడు విజయక్క సెంటర్‌లో అల్లాడింది నేనొక్కదాన్నే కాదని నిన్న అర్థమైంది.