ఒక రోజు ఉచ్చ, ఒక తెల్ల డబ్బా

నా చిన్నప్పుడు ఒక రోజంతా మా ఇంట్లో నా ఉచ్చకి దక్కినంత మర్యాద మరెవరికీ దక్కలేదు. అప్పుడు నాకు ఆరేళ్ళు. బిలాస్‌పూర్‌లో, తార్‌బహార్ దగ్గర రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నాన్న గూడ్సు బండి డ్రైవరు.

ఒకనాడు స్నానం చేయిస్తూ అమ్మ నా పొట్ట ఎడమ పక్కన చెయ్యి ఆపేసింది. లోపల గట్టిగా, జామకాయంత గడ్డ. నాకు నొప్పే లేదు కాబట్టి అమ్మ ముఖం ఎందుకలా పాలిపోయిందో అర్థం కాలేదు. సాయంత్రానికల్లా ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వచ్చి నా పొట్ట నొక్కి చూసి, తలో రోగం పేరు చెప్పి వెళ్ళారు. మర్నాడు డాక్టరుగారు మొదట చెప్పింది ఆ నొక్కడం గురించే. ఇక ఎవరూ నొక్కకూడదు, లోపల గడ్డ చితికితే ప్రమాదం.

చిన్నపిల్లల కడుపులో చూడడానికి ఒకేలా ఉండే గడ్డలు రెండు రకాలున్నాయట. ఒకటి మూత్రపిండంలోనే పుడుతుంది. రెండోది దాని నెత్తిన ఉండే చిన్న గ్రంథిలో పుట్టి, మూత్రపిండాన్ని పక్కకి నెడుతుంది. రెండింటికీ వైద్యం వేరు. నాది ఏ రకమో స్కాన్‌లో తేలలేదు. రెండో రకమైతే సాధారణంగా మూత్రంలో దాని జాడ పడుతుందని, ఒక పగలూ రాత్రీ ఒక్క చుక్క పోకుండా పట్టి తెమ్మని, మందు పోసిన తెల్ల డబ్బా ఇచ్చారు. పరీక్ష తప్పు చూపిస్తుందని అరటిపండు, చాక్లెట్ బంద్. నాకు గడ్డకన్నా అదే పెద్ద కష్టం.

మధ్యాహ్నానికి డబ్బా సగమైంది. అమ్మ వంటలో ఉండగా, సాయం చేద్దామని వచ్చిన పక్కింటి పిన్ని బాత్‌రూమ్ కడుగుతూ దాన్ని కూడా ఒంపేసి, శుభ్రంగా తోమి బోర్లించింది. పాపం, మంచికే చేసింది.

నాన్న నెత్తి పట్టుకున్నారు. ఆ గడ్డ నా ఒంట్లోంచి ఎంత త్వరగా పోతుందా అన్నదే ఆయన తాపత్రయం. "మిగతా పూటది పట్టి పంపేద్దాం. ఎవరికి తెలుస్తాది?" అన్నారు.

"సగం పంపితే జవాబూ సగమే వస్తాది. దాని కడుపులో ఏటుందో తెలుసుకోడానికే కదండీ ఇదంతా? మనమే అబద్ధం పోసి పంపితే డాక్టరుగారు ఏటనుకొని కోస్తారు? సిగ్నల్ పడకుండా మీరు బండి కదుపుతారేటి?" అంది అమ్మ. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

నాన్న సైకిలెక్కి కొత్త డబ్బాకి వెళ్ళారు. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి. అమ్మ బాత్‌రూమ్ గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంది. వంట పిన్ని చేసి పంపింది. నేను నీళ్ళు తాగీ తాగీ విసిగిపోయి ఏడిస్తే, అమ్మ బతిమాలి మరో గ్లాసు తాగించింది.

ఆ జాడ లేదని జవాబొచ్చింది. అన్నీ కలిపి చూసి, అది మూత్రపిండం గడ్డేనని తేల్చుకున్నాకే డాక్టరుగారు కత్తి పట్టారు. గడ్డతో పాటు ఆ మూత్రపిండాన్నీ తీసి పరీక్ష చేస్తే అదే. తర్వాత మందులకి జుట్టంతా ఊడింది, మళ్ళీ వచ్చింది.

ఇప్పటికీ ఇంట్లో ఏదైనా ముంచుకొచ్చి, అందరూ ఏదో ఒకటి చేసేద్దామని తొందరపడితే, ముందు అదేమిటో తెలియనివ్వండని అడ్డం పడతాను. విసుక్కుంటారు. విసుక్కోనీ. నాకు మిగిలింది ఒక్క కిడ్నీయే గానీ, అమ్మ మొండితనం మాత్రం పూర్తిగా దక్కింది.