ఇప్పకొమ్మల లెక్క

ఐదు వందల యాభై తొమ్మిది. ఈ అంకెను ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్నాను. నా వాళ్లెవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

1990లో మంచిర్యాల అవతల, బొగ్గు తవ్వేసిన ఒక గని పక్కన, మట్టిదిబ్బ మీద చెట్లు పెంచే పని నాది. గనిలోంచి తోడిపోసిన ఆ దిబ్బ కిందే లచ్చవ్వ పాత ఊరు పూడిపోయింది. ఊరి చుట్టూ ఉన్న ఇప్పచెట్లలో వాగు ఒడ్డున ఏడు మాత్రం మిగిలాయి. ఎండాకాలం పువ్వు రాలితే ముందు ఎలుగుబంట్లు వచ్చి తినేవి, పొద్దెక్కాక లచ్చవ్వ గంప పట్టుకొని వెళ్లేది. దిబ్బ మీద మళ్లీ ఇప్పవనం లేస్తుందని, ఎలుగులు వాగు దాటి పైదాకా వస్తాయని ఆమె ఆశ. అందుకే నా దగ్గర కూలికి చేరింది.

తొలకరికే నాటుదామని ఆమె అన్నది. నేను వినలేదు. ఆరు వందల నలభై గుంతలు తాడు పట్టి కొలిచినట్టు ఉండాలన్నాను. ఒక వరుస వంకర పోతే పూడ్పించి మళ్లీ తవ్వించాను. మొక్కలు మట్టిలోకి వెళ్లేసరికి ఆగస్టు ఆఖరు. ఆ తర్వాత వాన పడలేదు.

డిసెంబరులో అధికారి లెక్కకు వస్తాడు. మొక్క కాండాన్ని బొటనవేలి గోటితో గీకాలి. లోపల పచ్చగా ఉంటే బతికినట్టు. ఆ పద్ధతి కూలీలకు నేర్పింది నేనే. వారం ముందు నేనే అన్నిటినీ గీకి చూశాను. బతికినవి యాభై మూడు.

అదే రాసి ఉంటే? సగం కంటే తక్కువ బతికితే మళ్లీ నాటాలి, ఇంకో రెండు ఎండాకాలాలు ట్యాంకరు నీళ్లు పోయాలి. అది నియమం. నిజం రాస్తే దిబ్బకు మేలే జరిగేది. నన్ను ఎవరూ బెదిరించలేదు. మరి ఎందుకు చేశాను? కారణం అనే గడిలో ‘ఆలస్యంగా నాటడం’ అని నా చేత్తో రాయాల్సి వచ్చేది. ఇతరుల తప్పుల కింద ఎర్రసిరాతో గీతలు గీసిన చేతికి ఆ రెండు మాటలు రాయడం చేతకాలేదు. అంతే. అంత నీచమైన కారణం.

లెక్కకు ముందురోజు కూలీలను వాగు ఒడ్డుకు తీసుకెళ్లాను. ఇప్పచెట్ల కొసలు మూరెడు పొడుగున కోయమన్నాను.

లచ్చవ్వ కత్తి పట్టుకొని నిలబడింది. "అమ్మా, గీ కొమ్మలకు ఏర్లేవి?"

"ఏర్లు ఎవలు చూస్తరు? గోటికి పచ్చ తాకితే సాలు."

"గట్లయితే నా గంపల కోసిన తోటకూర సుత బతికే ఉన్నట్టు." పక్కవాళ్లు పకపకా నవ్వారు.

"సారు పీకి చూడడు. నువ్వు కోయి."

"నువ్వయితే పీకి చూస్తుంటివి." ఆమె నవ్వడం లేదు. "పువ్వు గీ కొసలకే వస్తదమ్మా. కోస్తే ఎండకాలం ఏముంటది?"

"ఒక్క ఏడు పువ్వు రాకుంటే ఏమైతది?" అన్నాను.

కోసింది. కొమ్మల పాలు నా వేళ్లకు అంటుకొని బంకలా సాగి, ఎండి నల్లబడ్డాయి. ఎండిన మొక్కలు పీకించి, వాటి గుంతల్లో ఐదు వందల యాభై తొమ్మిది కొమ్మలు గుచ్చించాను. అన్నీ బతికాయంటే నమ్మరని ఇరవై ఎనిమిది గుంతలు ఖాళీగా వదిలాను. అబద్ధాన్ని కూడా కొలిచి పెట్టాను.

అధికారి పది చోట్ల గీకాడు. పచ్చ కనిపించింది. వరుసల తీరు చూసి మెచ్చుకున్నాడు. దిబ్బ పని పూర్తయిందని రాసుకొని ట్యాంకరును ఇంకో చోటికి పంపాడు. నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

నీళ్లు లేక ఆ యాభై మూడూ మే నెలకు ఎండిపోయాయి. ఏడు చెట్లకూ ఆ ఏడాది పువ్వు రాలేదు. ఎలుగులు వచ్చిన జాడ లేదు. లచ్చవ్వ వాగు ఒడ్డున గంప బోర్లించి దాని మీద కూర్చుంది. నేను ఆ పక్కనుంచే నడిచాను. ఒక్క మాట అంటుందేమోనని భయపడ్డాను. ఆమె కోసిన కొసల వైపే చూస్తోంది. ఆ వానాకాలం నాట్ల కూలికని సుల్తానాబాద్ దగ్గర కూతురి ఊరికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. నా మీద ఎవరికీ ఫిర్యాదు చేయలేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. అది కూడా రాయాలి కదా.

1997లో వెళ్లి చూశాను. దిబ్బ నిండా సర్కారు తుమ్మ. దాని కింద నా గుంతలు ఇంకా ఉన్నాయి, ఒక్కటీ వరుస తప్పకుండా.

క్షమించమని అడగడానికి లచ్చవ్వ ఎక్కడుందో తెలియదు. తెలుసుకోవడానికి నేను ప్రయత్నించనూ లేదు. ఆనాడు రాయాల్సింది ఈ రోజు రాస్తున్నాను. గుంతలు: ఆరు వందల నలభై. బతికినవి: యాభై మూడు. కారణం: ఆలస్యంగా నాటడం. ఆలస్యం నాది.