ఆషాఢంలో బొమ్మ తుపాకీ

భీమవరంలో మొట్టమొదట వీడియో గేముల కొట్టు పెట్టింది నేనేనని నేనే చెప్పుకుంటూ ఉంటాను. ఇంకెవరూ చెప్పరు కాబట్టి నాకు తప్పదు. పేరు సత్తిరాజు. బీకాం రెండోసారి కూడా తన్నేశాక, మా నాన్నగారు "ఏదో ఒకటి ఏడు" అని వదిలేస్తే, మద్రాసు వెళ్ళి బీరువా అంత పాత గేమ్ మెషీను ఒకటి, టీవీకి తగిలించే డబ్బాలు రెండు లారీలో వేయించుకొచ్చాను. బీరువాలో ఒకటే ఆట. పైనుంచి వరసలు కట్టి దిగే విమానాల్ని కిందనుంచి కాల్చాలి. ఒక పిడి, ఒక బటను, అంతే. ఆ అంతేలో నా వయసంతా పోయింది.

ఎక్కువ కొట్టినవాడి పేరు తెరమీద పైన మూడు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించేది. ఆ మూడక్షరాలూ ఎప్పుడూ నావే ఉండాలి. కరెంటు పోతే అవి చెరిగిపోయేవి. మా ఊళ్ళో కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు కదా! వచ్చీ రాగానే స్టూలెక్కి మళ్ళీ మొదటినుంచి సంపాదించుకునేవాణ్ణి. చేతిలో చిల్లర పట్టుకుని జనం నిలబడితే "ఆగండెహె, ఇదొక్కటీ అవనీండి" అని కసిరేవాణ్ణి. వచ్చిన గిరాకీని కసిరి పంపే కొట్టువాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు, అద్దంలో తప్ప.

ఇలాంటివాడికి 1995 వైశాఖంలో పెళ్ళయింది. మధ్యవర్తి మా గురించి "ఎలక్ట్రానిక్స్ వ్యాపారం" అని చెప్పాడు. అబద్ధమేం కాదు, కరెంటుతోనే నడుస్తుంది. పెళ్ళికూతురు శ్రీసత్య, ఆకివీడు వైపు పల్లెలో రొయ్యల చెరువులున్న భద్రిరాజుగారి ఒక్కగానొక్క కూతురు. మావగారికి లైసెన్సున్న రెండు గొట్టాల తుపాకీ ఉంది. రొయ్యల్ని ముంచుకుతినే నీటికాకుల్ని బెదరగొట్టడానికి చెరువుగట్టు మీద నిలబడి గాల్లోకి పేల్చేవారు. ఆ చప్పుడుకి పక్షులు లేచిపోయేవో లేదో గానీ, మనుషులు మాత్రం పక్క ఊరివరకూ సర్దుకునేవారు.

పెళ్ళయిన నెలకి ఆయన చెప్పాపెట్టకుండా మా కొట్టుకొచ్చారు. నేను స్టూలు మీద సగం లేచి, పళ్ళు బిగపట్టి, "చావు! చావవే!" అని తెర మీద అరుస్తున్నాను. వెనకాల ఎంతసేపు నిలబడ్డారో తెలీదు. నా విమానం పేలిపోయి నేను తల బాదుకున్నాక, మెల్లిగా దగ్గారు.

మా వైపు తిట్టినా గారు పెట్టే తిడతారు. "సత్తిరాజుగారూ, తమరి ఎలక్ట్రానిక్స్ వ్యాపారం చూశామండి. చాలా బాగుందండి. ఆషాఢం వస్తంది కదా, అమ్మాయిని తీసుకెళ్తాం. తమరీ దుకాణం కట్టేసి మా చెరువుల మీదికొచ్చేయండి. శ్రావణంలో పంపుతాం. రాలేమంటారా, అమ్మాయి మా దగ్గరే ఉంటదండి" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పైకి మాత్రం "ఆయ్" అన్నాను. శ్రీసత్య పెట్టె సర్దుకుంటూ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ చూపులో "ఏదైనా మాట్లాడండి" అని ఉంది. నేను "టిఫిన్ చేసి బయల్దేరండి" అన్నాను.

ఆషాఢంలో అత్తగారూ కొత్తల్లుడూ ఒకే గడప దాటకూడదని అందరికీ తెలుసు. వారం తిరక్కుండానే ఇల్లు బావురుమంది. శ్రీసత్య నాతో వచ్చేయాలి, కొట్టూ ఉండాలి. ఆలోచించగా ఆలోచించగా నా బుర్రకి ఒక ఉపాయం తట్టింది. టీవీ డబ్బాలతోపాటు ఒక ఎర్ర ప్లాస్టిక్ తుపాకీ వచ్చింది. తీగతో డబ్బాకి గుచ్చి, తెర మీద ఎగిరే పిట్టకి గురిపెట్టి నొక్కితే పిట్ట పడుతుంది. మావగారు తుపాకీ పట్టిన మనిషి. ఆయనచేత పిట్టలు కొట్టించి, నేను మర్యాదగా ఓడిపోయి, ఆయన మీసం తిప్పుతుండగా కొట్టు సంగతి కదపాలి. గడప దాటకూడదన్నారు గానీ వరండాలో కూర్చోకూడదని ఎవరన్నారు?

డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. వీధి గుమ్మంలో నన్ను చూడగానే మా అత్తగారు లక్ష్మీనరసమ్మగారు పూజ మధ్యలో లేచొచ్చారు.

"అయ్యో బాబూ, ఇదేం పనండీ? ఆషాఢం కదండీ!"

"గడప దాటనండి అత్తయ్యగారూ. మీ మీదొట్టు."

"నా మీద ఎందుకండీ, తమ మీదే వేసుకోండి" అంటూనే లోపల్నుంచి కుర్చీ, మంచినీళ్ళు, పూతరేకులు అన్నీ పంపించారు. తిట్టేలోపల పెట్టేయడం మావాళ్ళకి అలవాటు.

మావగారు ఎర్ర తుపాకీని తిప్పి చూసి "పిల్లలాటండీ ఇది" అన్నారు గానీ కింద పెట్టలేదు. ఆయన కుర్చీ కూడా నా పక్కనే వేయించుకున్నారు. హాల్లోని టీవీని బల్లతో సహా గుమ్మం దగ్గరికి జరిపించారు. గడపకి లోపల టీవీ, బయట మేం. చెరువు పనివాళ్ళు, ఇరుగుపొరుగు వరండా మెట్ల మీద చేరారు.

మావగారు ఒక కన్ను మూసి కాల్చారు. పిట్ట పడలేదు. మళ్ళీ కాల్చారు. ఊహూ. పదోసారికి చెవులు ఎర్రబడ్డాయి. "సత్తిరాజుగారూ, మమ్మల్ని వెర్రివాళ్ళని చేయడానికొచ్చారా తమరు?"

 తుపాకీ తీసుకుని నేనూ కాల్చాను, పడలేదు. ఊదాను, తట్టాను, తీగ పీకి గుచ్చాను. కొట్టులో రోజూ పనిచేసే తుపాకీ ఇక్కడ చచ్చి ఊరుకుంది. అప్పుడు లోపల్నుంచి శ్రీసత్య వచ్చింది. కళ్ళకి మంచిదని ఆ రోజుల్లో టీవీల ముందు నీలంరంగు అద్దం తగిలించేవారు కదా, దాని కొక్కేలు విప్పి పక్కన పెట్టింది. "వెలుతురు కనపడకపోతే తుపాకీకేం తెలుస్తుందండీ?" అంది. కాల్చాను. పిట్ట దబ్బున పడింది.

ఇన్నాళ్ళ తరవాత నా భార్య మూరెడు దూరంలో నిలబడి నాతో మాట్లాడింది. నేనేం చేశానో చెప్పమంటారా? "కాస్త తప్పుకో, పిట్టలు కనపడ్డం లేదు" అన్నాను.

ఇక మావగారు కొట్టడం మొదలెట్టారు చూడండి! కొట్టిన పిట్టకల్లా మెట్ల మీదనుంచి ఈలలు. నేను అనుకున్న ప్రకారం రెండు ఆటలు ఓడిపోయాను. ఆయన మీసం మీద చెయ్యి పడింది. అదే అదను. "మావయ్యగారూ, కొట్టు విషయం..." అనబోతున్నాను, ఆయన నా భుజం తట్టి "పర్లేదండి సత్తిరాజుగారూ, తమరు రోజూ ఆడేవారైనా గురి అన్నది అందరికీ రాదు కదండి" అన్నారు. మెట్ల మీద అందరూ నవ్వారు.

అయిపోయింది. శ్రీసత్య లేదు, శ్రావణం లేదు, కాపురం లేదు. నాకు గురి రాదా? తుపాకీ లాక్కున్నంత పని చేశాను. ఒక్క పిట్టనీ వదల్లేదు. ఆయన కొట్టారు, నేను కొట్టాను. వేగం పెరిగింది. ఆయనకి ఒకటి తప్పింది, రెండు తప్పాయి, డబ్బా బుయ్యిమని కూసింది. నా వంతుకి ఆఖరి పిట్ట తెర మూలనుంచి తప్పించుకుపోతోంది. కుర్చీలోంచి లేచాను, ముందుకి ఉరికాను, తెరకి ఆనించినట్టుగా పెట్టి కాల్చాను. పడింది!

"కొట్టానండోయ్!" అని గెంతాను.

ఎవరూ ఈల వేయలేదు. కిందకి చూసుకుంటే నా రెండు కాళ్ళూ హాల్లో ఉన్నాయి. గడప నా వెనకాల ఉంది. దేవుడి గది దగ్గర మా అత్తగారు చెంబు జారవిడిచి, "రామ రామ!" అని అరిచి, పెరటి గుమ్మంలోంచి బయటపడి పక్కింటికి పరుగెత్తారు. డెబ్బై కేజీల మనిషి అంత వేగంగా పరుగెత్తడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. అల్లుడి మూలాన అత్తగారు ఇల్లు వదిలి పారిపోయిన ఘనత కూడా మా వంశంలో నాదే.

నేను గబుక్కున వెనక్కి గెంతి వరండాలో పడ్డాను. తీగ కాళ్ళకి చుట్టుకుంది.  మావగారు కూతురి వైపు తిరిగి, "ఏంటమ్మా, ఈయనగార్ని ఏం చేద్దాం?" అన్నారు.

శ్రీసత్య నా వైపు చూడకుండా చెప్పింది. "చెరువుల మీద మాత్రం పెట్టకండి నాన్నగారూ. నీటికాకులతో పంతాలకి పోయి రొయ్యల్ని వదిలేస్తారు. ఆ కొట్టే ఉండనివ్వండి. శ్రావణం రాగానే నేను వెళ్తాను. కొట్లో నేను కూర్చుంటాను."

మావగారు నవ్వేశారు. మీసాలు అదిరేలా నవ్వారు. "అలాగేనమ్మా. అయితే ఈ డబ్బా ఇక్కడే ఉంటదండి సత్తిరాజుగారూ. మాకు ఇంకో ఆట బాకీ ఉన్నారు తమరు."

నేను గెలిచాను! కొట్టు ఉంది, పెళ్ళాం వస్తోంది, పిట్టలూ పడ్డాయి. మెట్లు దిగి గాల్లో తేలుతూ వెళ్తున్నాను. గేటు దాకా శ్రీసత్య వచ్చింది. నేను చొక్కా సర్దుకుని, "చూశావా ఆ ఆఖరి పిట్ట? ఎలా కొట్టానంటావ్?" అన్నాను.

"చూశానండి" అంది. కాసేపు గేటు గడియ తీస్తూ వేస్తూ నిలబడింది. "పొద్దుట్నించీ నేను లోపలే ఉన్నా ఆ గడప ఇవతలే కూర్చున్నారు. ఆచారం కదా, సరేలే అనుకున్నాను. పిట్ట కోసం మాత్రం ఒక్క గెంతులో దాటేశారు."

నేను పెద్దగా నవ్వాను. తను నవ్వలేదు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. దారిలో ఉండి అనే ఊరు వచ్చేదాకా నాకా మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక, కిటికీ వైపు మొహం తిప్పుకుని భీమవరం దాకా ఏడ్చాను.