చాయ్ తాగిన ఇంట్లో తప్పు చెప్పరు

రఘునందన్ గారి పుస్తకం ఎప్పుడు తెరిచినా జిగురు వాసన వస్తుంది. అది తగిలితే నాకు ఆలూరులో పద్మమ్మ వాకిలి గుర్తొస్తుంది. ఆ రోజు ఆమె కొత్తిమీర కట్టలు పక్కకు జరిపి, "ఇగ అచ్చెయ్యుండ్రి సార్" అన్నది.  రఘునందన్ గారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆమె వద్దంటే తన జీవితకథ మొత్తం అటకెక్కించాలని ఆయన ముందే నిర్ణయించుకున్న సంగతి నాకొక్కడికే తెలుసు.

రఘునందన్ గారు కార్ల కంపెనీలో చిన్న ఇంజినీరుగా చేరి, కొత్త కార్లను పరీక్షించే విభాగానికి అధిపతి అయిన మనిషి. కోస్తా నుంచి వచ్చి, రిటైరయ్యాక కనకమామిడిలో ఇల్లు కట్టుకున్నారు. నేను పత్రికలో వార్తలు దిద్దే డెస్కు ఉద్యోగం నుంచి రిటైరై మొయినాబాద్‌లో ఉంటున్నాను. ఆయన రాసింది సరిదిద్దే పని అలా నాకొచ్చింది. ఆయనది ఒక పద్ధతి. కొత్త కారు ఎక్కి దిగినవాళ్లు ముందు ఒక లోపం చెప్పాలి. అప్పటిదాకా బాగుందని అనకూడదు. "బాగుందన్న మాటతో నేనేం చేసుకోనండీ? దాన్ని బిగించలేను, వదులు చేయలేను" అనేవారు. పొగడ్త వినగానే కలానికి మూత పెట్టేసే అలవాటు నాది. దాన్ని ఆయనే మాన్పించారు.

అచ్చుకు ముందు పుస్తకాన్ని జిరాక్స్ తీయించి, చుట్టుపక్కల చదివేవాళ్లకు పంచారు. ఒక ప్రతి పద్మమ్మకు కూడా పంపారు. ఆమె భర్త బాల్‌రాజ్ ఆయన విభాగంలో డ్రైవరు. కొత్త కారును రోడ్డు మీద నడిపి చూస్తుండగా అది అదుపు తప్పి బోల్తా పడింది. బాల్‌రాజ్ బతకలేదు. పుస్తకంలో ఒక అధ్యాయం ఆ ప్రమాదం గురించే.

ఒక ఆదివారం అందరినీ ఇంటికి పిలిచి, చాయ్, బిస్కెట్లు పెట్టి, ముందు తప్పులే చెప్పమన్నారు. ఒక్కరూ చెప్పలేదు. మస్తు రాసిండ్రు సార్ అన్నారు. పద్మమ్మ కూడా "మంచిగనే ఉన్నది" అని లేచి వెళ్లిపోయింది. రఘునందన్ గారి ముఖం తేటపడింది. "ఆవిడ ఒప్పుకుందండీ" అన్నారు నాతో. మొయినాబాద్‌లో టైర్ల దుకాణం నడిపే వెంకటేశ్ అప్పుడే గేటు దగ్గర బండి తీస్తున్నాడు. ఆ మాట విని నవ్వాడు.

"ఏం ఒప్పుకునుడు సార్? మీ ఇంట్ల కూసొని, మీ చాయ్ తాగి, మీకే తప్పు చెప్తరా ఎవలన్న? మా దిక్కు గట్ల చెయ్యరు."

"మరి నీకేం తప్పు కనబడింది?"

"నేను గూడ తాగిన గద సార్. మా దుకాణంకు రాండ్రి. చాయ్ పోయిస్త, అప్పుడు చెప్త."

మర్నాడు నిజంగానే వెళ్లాం. టైర్ల మధ్య స్టూలు వేసి, చాయ్ తెప్పించి, వెంకటేశ్ మొహమాటం లేకుండా మొదలుపెట్టాడు. "సగం పుస్తకం అయిపాయె, మీరింక బండి స్టార్టే చెయ్యలే సార్." రఘునందన్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "అయితే ఆలూరు వెళ్లాలండీ" అన్నారు.

పద్మమ్మ ఇచ్చిన చాయ్ మొత్తం తాగాకే ఆయన నోరు విప్పారు. "ఇప్పుడు చెప్పండమ్మా. నేను మీ ఇంట్లో ఉన్నాను."

"ఒక డ్రైవర్ అని రాసిండ్రు. ఆయనకు పేరు లేదా?"

"రాస్తే మీకు కష్టంగా ఉంటుందేమో అని..."

"నా కష్టం గది గాదు సార్. తాగి నడిపిండని ఊర్ల ఇప్పటికి అంటరు. మా బిడ్డ లగ్గం మాటల కాడ గూడ ఎత్తిండ్రు. తాగలేదని మీకు ఎర్కనే గద?"

"తెలుసమ్మా. బయల్దేరే ముందు నా పక్కనే కూర్చుని టిఫిన్ తిన్నాడు. రక్తపరీక్షలో కూడా ఏమీ లేదు."

"గది యాడ రాసిండ్రు?"

ఎక్కడా రాయలేదు. అది అందరికీ తెలిసిన విషయమే అనుకున్నారాయన. కంపెనీలో అందరికీ తెలుసు. ఆలూరులో ఎవరికీ తెలియదు. ఆయన నా కలం తీసుకుని, ఒళ్లో కాగితం పెట్టుకుని, పేరుతో సహా ఆ సంగతి అక్కడికక్కడే రాసి చదివి వినిపించారు. పద్మమ్మ ప్రహరీ అవతల బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్ల వైపు చూసింది.

"జర గట్టిగ చదువుండ్రి సార్."

ఆయన లేచి నిలబడి చదివారు. అవతల బట్టలు దులిపే చప్పుడు ఆగింది. అప్పుడన్నది ఆమె, ఇగ అచ్చెయ్యమని.

తిరిగి వస్తూ చేవెళ్ల దాటాక ఆయన కారు అద్దం దించి, "ఇప్పుడు ఊపిరాడుతోందండీ" అన్నారు.

పుస్తకం చేతిలోకి వచ్చాక, పాఠకుల తిట్లూ మెప్పులూ విన్నాకే ఆయన పోయారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా మనసు కుదుటపడుతుంది. నేను ఇప్పటికీ రాసింది ఎవరికైనా చూపిస్తే వాళ్లను మా ఇంటికి పిలవను. వాళ్లింటికే వెళ్లి, పెట్టింది తిని, అప్పుడు అడుగుతాను.

ఆ రోజు ఆలూరులో మేం లేస్తుంటే పద్మమ్మ ఇంకొకటి అడిగింది. "మరి బండి ఎందుకు బోల్తా పడ్డది సార్?" తనకు తెలియదని, విచారణలో తేలలేదని ఆయన చెప్పారు. గది గూడ రాయమన్నది. రాశారు. ఆ కారు ఎందుకు అదుపు తప్పిందో ఇప్పటికీ తేలలేదు.