‘అనుగుణంగా ఉంది’ అని రాసిన రిపోర్టు

ప్రభుత్వ వైద్య కళాశాలలో పాథాలజీ ప్రొఫెసర్‌గా పదవీ విరమణ చేసిన ఏడాదే నూజివీడులో ఒక ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రిలో చేరాను. అక్కడ ఐదేళ్లు పనిచేశాను. ఇప్పుడు చెప్పబోయేది రెండో ఏడు ఏప్రిల్‌లో, బంగినపల్లి కోతలు మొదలైన వారంలో మొదలైంది.

పాథాలజిస్టు ఏం చేస్తాడో చాలామందికి తెలియదు. సర్జన్ కోసి పంపిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, చాలా పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి, అది ఏమిటో రాసి సంతకం పెట్టడం మా పని. రోగి మొహం మేము చూడం, మా మొహం రోగి చూడడు. కాలేజీలో నా సర్వీసంతా అలాగే గడిచింది. నూజివీడులో మాత్రం నా గది ఓపీ చీటీలు ఇచ్చే కౌంటర్ పక్కనే ఉండేది. తలుపు తీస్తే వరండా బెంచీల మీద కూర్చున్నవాళ్లు కనపడేవారు.

నోటి క్యాన్సర్ ముక్కలు మాకు తరచుగానే వచ్చేవి. ఆగిరిపల్లి, జి. కొండూరు వైపు తోటల్లో పనిచేసే కూలీలవే ఎక్కువ. పొగాకు కాడ దవడన పెట్టుకునే ఆడవాళ్లు, చుట్ట కాల్చే ముసలివాళ్లు. వాళ్ల విషయంలో కారణం కోసం వెతకాల్సిన పని ఉండేది కాదు.

పాండురంగారావు గారి ముక్కతో వచ్చిన కాగితం అలాంటిది కాదు. వయసు యాభై నాలుగు. మామిడి వ్యాపారి. నాలుక ఎడమ అంచున, కాస్త వెనక్కి, మానని పుండు. కాయ కోసి రుచి చూడటం ఆయన వృత్తిలో భాగం కాబట్టి, సొన తగిలి పొక్కిందనుకుని నెలకు పైగా ఊరుకున్నారట. కింద మా ఓరల్ సర్జన్ డాక్టర్ మురళి తన చేతి రాతతో రాశాడు: “పొగ, పొగాకు, మద్యం, ఏ అలవాటూ లేదు. పి16 కూడా చేయించగలరా మేడమ్?”

పి16 అనేది కణంలో ఉండే ఒక ప్రోటీను. ఎక్కువగా లైంగిక సంబంధం ద్వారా సోకే హెచ్‌పీవీ అనే వైరస్ కణాన్ని చెడగొట్టినప్పుడు అది విపరీతంగా పేరుకుంటుంది. ప్రత్యేకమైన రంగు వేస్తే గోధుమరంగులో కనిపిస్తుంది. ఆ రంగు చూసి వైరస్ ఉండి ఉంటుందని ఊహిస్తాం. టాన్సిల్, నాలుక మొదలు, అంటే గొంతు భాగంలో ఈ ఊహ చాలావరకు నిజమవుతుంది. అక్కడ హెచ్‌పీవీ వల్ల వచ్చిన క్యాన్సర్ పొగాకు వల్ల వచ్చినదానికన్నా చికిత్సకు బాగా లొంగుతుంది. కానీ బుగ్గ, చిగురు, నాలుక ముందు భాగం, అంటే అసలు నోటి క్యాన్సర్లలో ఈ లెక్క కుదరదు. వైరస్ లేకుండానే పి16 పేరుకోవచ్చు. ఇదంతా నాకు తెలుసు. విద్యార్థులకు పాఠం చెప్పినదాన్ని.

ముక్క క్యాన్సరే. సందేహం లేదు. పి16 రంగు మా దగ్గర లేదు కాబట్టి స్లైడును విజయవాడలో ఒక ల్యాబుకు పంపాను. గోధుమరంగుతో నిండి తిరిగి వచ్చింది. పుండు ‘కాస్త వెనక్కి’ ఉందన్న మాట నన్ను తికమక పెట్టింది. గొంతు భాగంలోకి వెళ్లిందా, నోటిలోనే ఉందా? మురళికి ఫోను చేసి అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఏ అలవాటూ లేని మనిషి, పాజిటివ్ రంగు, రెండూ పక్కపక్కన పెట్టుకుని రిపోర్టు చివర ఒక వాక్యం చేర్చాను: హెచ్‌పీవీ సంబంధిత క్యాన్సర్‌కు అనుగుణంగా ఉంది. మా వృత్తిలో ‘అనుగుణంగా ఉంది’ అంటే ‘కావచ్చు, నన్ను నిలదీయకండి’ అని అర్థం. ఆ అర్థం మాకే తెలుసు.

నాలుగు రోజుల తర్వాత పాండురంగారావు గారి భార్య విజయలక్ష్మి గారు నా గది తలుపు తట్టారు. చేతిలో నా రిపోర్టు ఉంది. ఆ వాక్యం కింద పెన్నుతో గీత గీసి ఉంది.

“కూర్చోవచ్చా అండీ? మురళి డాక్టరు గారు ఇది మంచి రకం క్యాన్సరన్నారు, త్వరగా లొంగుతుందన్నారు. ఇంటికెళ్లి ఫోనులో వెతికాను. ఈ వైరస్ ఎలా వస్తుందో అందులో ఉంది.” కొంచెం ఆగి అడిగారు: “ఈయనకి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందండీ?”

అది చాలా సాధారణమైన వైరస్ అనీ, ఎంతోమందికి తెలియకుండానే వచ్చి పోతుందనీ, కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోవచ్చనీ, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదనీ అన్నాను. ప్రతి మాటా నిజమే. ప్రతి మాటకీ ఆవిడ మొహం ఇంకా మాడిపోయింది.

“ఏళ్ల తరబడి అంటే పెళ్లికి ముందు నుంచా?”

“కావచ్చు. చెప్పలేమమ్మా.”

“పెళ్లయ్యాక కూడా కావచ్చు కదండీ?”

“చెప్పలేమమ్మా.”

“పోనీ, నా దగ్గర్నుంచే వెళ్లిందా?”

ఆవిడ తనకూ పరీక్ష చేయమన్నారు. గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ పరీక్ష ఆ వయసు స్త్రీలకు ఎలాగూ మంచిదే కదా అని మా గైనకాలజిస్టు చేశారు. స్లైడు నేనే చూశాను. కణాలు మామూలుగా ఉన్నాయి. చెబితే ఆవిడకు ధైర్యం వస్తుందనుకున్నాను.

“అయితే నాకు లేదు. ఆయనకే ఉందన్నమాట,” అన్నారు.

పాప్ పరీక్ష కణాలను చూస్తుందే తప్ప వైరస్‌ను వెతకదని వివరించబోయాను. ఆవిడ అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటున్నారు. ఆ మర్నాడే ఆగిరిపల్లిలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారని తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే పాండురంగారావు గారూ వచ్చారు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. నోరు పెద్దగా తెరవకుండా మాట్లాడుతున్నారు.

“డాక్టరమ్మా, ముప్ఫై ఏళ్ల సంసారం. నేను ఏ తప్పూ చెయ్యలేదు. నాకు తెలిసిందల్లా తోటలు, మార్కెట్టు. ఆవిడ నమ్మట్లేదు. రాసింది మీరు కదా, మీరే చెప్పండి ఏంటిది?”

“తప్పు చేశారని నేను రాయలేదండీ.”

“మరి ఆవిడకి అలా ఎందుకు కనపడింది?”

ఆపరేషన్ తేదీ ఎప్పుడని అడిగాను. తానే ఒప్పుకోలేదన్నారు. “మంచి రకమే అన్నారు కదండీ. సీజన్ అయ్యాక చూద్దామన్నాను. అయినా ఆపరేషన్ అయ్యాక నాకు గొట్టంలో జావ పోసేదెవరు? ఆవిడ వస్తే కదా?”

అప్పుడు నాకు భయం వేసింది. నేను రాసిన ఒక్క వాక్యం భార్యకు అనుమానమైంది, భర్తకు భరోసా అయింది. రెండూ కలిసి ఆపరేషన్‌ను ఆపేశాయి. వెంటనే మురళి గదికి వెళ్లి, పుండు సరిగ్గా ఎక్కడుందో చూపించమన్నాను. అతను బొమ్మ గీశాడు. నోటిలోనే ఉంది. గొంతు భాగాన్ని తాకలేదు.

“మరి మంచి రకం అని ఎలా చెప్పావు మురళీ?”

“మీ రిపోర్టు చూసే చెప్పాను మేడమ్. గొంతుదైనా నోటిదైనా ఒకటేననుకున్నాను. మీరూ అలా కాదని రాయలేదు కదా.”

అతనిమీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. మిగిలిన మైనం దిమ్మను వైరస్ జన్యుపదార్థాన్ని నేరుగా వెతికే పరీక్ష కోసం హైదరాబాదు పంపాను. దంపతులిద్దరికీ ఫోను చేసి, ఫలితం వచ్చిన రోజు కలిసి రమ్మన్నాను. పాండురంగారావు గారికి ఇంకో మాట కూడా చెప్పాను: ఏ రకమైనా సరే, ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు. “అలాగేనండీ” అన్నారు. చేయించుకోలేదు.

రెండు వారాలకు ఫలితం వచ్చింది. వైరస్ దొరకలేదు.

ఇద్దరూ వచ్చి బెంచీ మీద మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడంగా కూర్చున్నారు. లోపలికి పిలిచి కాగితం చదివాను. విజయలక్ష్మి గారు రెండుసార్లు అడిగారు.

“అసలు లేనట్టేనా అండీ? ఖాయమేనా?”

“ఈ ముక్కలో దొరకలేదమ్మా. అంతవరకే చెప్పగలను.”

“దొరకలేదంటే చాలండీ.” ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. భర్త వైపు తిరిగి, “నన్నేమీ అనకండి, నాకు బుర్ర పనిచెయ్యలేదు,” అన్నారు. ఆయన చేయి చాచి ఆవిడ ఒళ్లోని సంచీని తన వైపు తీసుకున్నారు. తర్వాత నా వైపు చూశారు.

“అయితే డాక్టరమ్మా, నా జబ్బు తేలికే కదా ఇంక?”

నా సర్వీసులో అంత కష్టమైన ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆవిడకు శుభవార్త అయినదే ఆయనకు కాదు. మంచి రకం అన్న ఆశ ఏ వైరస్ మీద నిలబడిందో ఆ వైరస్సే లేదు. ఆవిడ ఇంకా కళ్లు తుడుచుకుంటుండగానే ఆ సంగతి చెప్పాల్సి వచ్చింది. మంచి రకమన్న మాటను వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆ వాక్యం నేను రాయకుండా ఉండాల్సిందని కూడా చెప్పాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. “ముందు ఉందన్నారు, ఇప్పుడు లేదంటున్నారు. ఉంటే మంచిదన్నారు, లేకపోతే మంచిదని ఈవిడ ఏడుస్తోంది. నాకేం అర్థం కావట్లేదమ్మా.”

“తేదీ వేయించుకోండి,” అన్నాను. “అదొక్కటి అర్థమైతే చాలు.”

విజయలక్ష్మి గారు లేచి నిలబడి, “ఇవాళే వేయిస్తానండీ,” అన్నారు.

సవరించిన రిపోర్టు అదే రోజు ఇచ్చాను. పాత రిపోర్టులో ఏ వాక్యం తొలగించానో, ఎందుకో అందులో రాశాను. ఆ వారంలోనే విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో మురళి కూడా దగ్గరుండగా నాలుకలో ఎడమ భాగం, మెడ గ్రంథులూ తీశారు. ఆ ముక్కలను అక్కడివాళ్లతో పాటు నేనూ చూశాను. ఒక గ్రంథిలో వ్యాధి ఉంది. ఆపరేషన్ ఆగిన ఆ మూడు వారాల్లో చేరిందా, ముందే చేరి ఉందా అన్నది ఏ స్లైడూ చెప్పదు. నేను చాలా రోజులు ఆ స్లైడును బయటకు తీసి చూస్తూ ఉండేదాన్ని. తర్వాత రేడియేషన్ ఇచ్చారు. గొట్టంలో జావ పోసింది విజయలక్ష్మి గారే.

రేడియేషన్ నడుస్తుండగా ఒకరోజు ఆవిడ యథాలాపంగా, “ఇప్పుడు వక్కపలుకు కూడా నమలలేకపోతున్నారండీ,” అన్నారు. ఇరవై ఏళ్లుగా మార్కెట్టులో ఉన్నంతసేపూ ఎడమ బుగ్గన వక్కపలుకు ఉంటుందట. పొగాకు ఉందా, గుట్కా ఉందా, కిళ్లీ ఉందా అని మేం అడిగాం. వక్కను ఆయన అలవాటు కింద జమకట్టలేదు, మేమూ అడగలేదు. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే నోటి క్యాన్సర్ తేగలదు, కానీ ఈయనకు అదే కారణమా అంటే అదీ నేను చెప్పలేను. వక్క నమిలి ఏమీ కానివాళ్లు ఆ మార్కెట్టులోనే బోలెడుమంది ఉన్నారు.

గ్రంథిలోకి పాకినవాళ్ల విషయంలో మేం సాధారణంగా ఎక్కువ ఆశ పెట్టుకోం. పాండురంగారావు గారు మాత్రం నేను ఉద్యోగం మానే రోజుకు కూడా బాగానే ఉన్నారు. మాట ముద్దగా వస్తుంది, మామిడి రసాలు మాత్రం తినగలరు. ఎందుకు నిలబడ్డారో నాకు తెలియదు. అదే ఏడాది, వ్యాధి ఎంతో చిన్నగా ఉన్న ఒక తోటకూలీ ఆపరేషనైన ఏడాదిలోపే చనిపోయింది. అదీ ఎందుకో తెలియదు.

చివరిసారి వచ్చినప్పుడు విజయలక్ష్మి గారు సూటిగా అడిగారు. “అప్పుడు పొరపాటు పరీక్షదా అండీ, మీదా?”

“పరీక్ష తనకు కనిపించింది చూపించిందమ్మా. పొరపాటు నాదే.”

ఆవిడ తల ఊపి, మందుల చీటీ తీసుకుని వెళ్లారు.

ఆ ఘటన తర్వాత మూడు పద్ధతులు మార్చుకున్నాను. పుండు ఖచ్చితంగా ఎక్కడుందో సర్జన్ బొమ్మ గీసి పంపితే తప్ప నోటి ముక్కకు పి16 చేయించలేదు. అలవాట్ల గడిలో వక్క అని విడిగా రాయించాను. రంగు కనిపిస్తే రంగు కనిపించిందని మాత్రమే రాసి, దాని అర్థం తెలియనప్పుడు తెలియదని కింద ఇంకో వాక్యంలో రాశాను. అలా రాస్తే పాథాలజిస్టుకు పని రాదనుకుంటారేమో అని కొత్తగా చేరినవాళ్లు అడిగేవారు. అనుకోవచ్చు. కానీ రిపోర్టును డాక్టరు కన్నా ముందు ఇంట్లోవాళ్లు చదువుతారు. మనం జాగ్రత్తకు వదిలిన ఖాళీని వాళ్లు తమకు తోచిన అర్థంతో నింపుకుంటారు.