కీపర్ కోసం కృతజ్ఞత కూడిక

సంగారెడ్డిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను పీడీని, అంటే పిల్లలకు ఆటలు నేర్పే సారుని. ఆటలు లేనప్పుడు బస్సుల దగ్గర పిల్లల్ని వరసలో నిలబెట్టడం, పరీక్షల స్క్వాడ్‌కు టీలు తెప్పించడం, పంద్రాగస్టు ముందు జెండా గద్దెకు సున్నం వేయించడం కూడా నా సబ్జెక్టులే. వీటి మధ్యలో ఫుట్‌బాల్ టీము తయారు చేస్తానని బయల్దేరాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా ఆవిడ ఆ రోజే అంది. మా వైపు పిల్లలు బంతి కనిపిస్తే చాలు, బ్యాటు కోసం వెతుకుతారు.

ఫుట్‌బాలే ఎందుకంటే నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. నా చిన్నప్పుడు మా చర్చి కాంపౌండులో క్రికెట్ ఆడితే కిటికీ అద్దాలు పగులుతున్నాయని పాస్టరయ్య బ్యాటు గుంజుకుని, ఇగ కాళ్లతో ఆడుకోండి అని ఒక పెద్ద బంతి పడేశారు. అయినా అద్దాలు పగిలాయి, అది వేరే సంగతి. అప్పుడు అంటుకున్న జబ్బు ఇప్పటికీ వదల్లేదు.

మా గ్రౌండు కాలేజీ వెనక, పోతిరెడ్డిపల్లి వైపు ఉంటుంది. వానాకాలంలో గడ్డి, ఎండాకాలంలో రాళ్లు. పటాన్‌చెరు స్క్రాపు దుకాణంలో దొరికిన పైపులతో గోల్‌పోస్టులు వెల్డింగ్ చేయించాను. మా పిల్లల్లో సగం మంది ఫ్యాక్టరీల్లో పని చేస్తూ చదువుకునేవాళ్లే, కాబట్టి మా ప్రాక్టీసు టైంటేబులు వేసేది నేను కాదు, ఫ్యాక్టరీ షిఫ్టులు. నైట్ షిఫ్టు వాళ్లు పొద్దున డ్యూటీ దిగి నేరుగా గ్రౌండుకు వస్తారు, జనరల్ షిఫ్టు వాళ్లు సాయంత్రం వస్తారు. పదకొండు మందీ ఒక్కసారి కనిపించేది ఆదివారం ఆరాధన అయ్యాకే. ఆ రోజు జార్ఖండ్, బెంగాల్ నుంచి వచ్చి కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్లతో మ్యాచ్ పెట్టేవాణ్ణి. వాళ్లు మమ్మల్ని చితకబాదేవారు. మా వాళ్లు అట్లాగే నేర్చుకున్నారు.

ఆ గ్రౌండు మీద మా కరస్పాండెంటు గారి కన్ను పడింది. కాలేజీ ఆయనదే కాబట్టి పడడంలో తప్పు లేదు. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టి చెప్పారు.

"బస్సులు రోడ్డు మీద పెడుతుంటె డీజిల్ దొంగలు పడుతున్రు సార్. నాకు జాగా కావాలె. ఈసారి యూనివర్సిటీ టోర్నమెంటుల సెమీస్ దాకా రాండ్రి, గ్రౌండు మీకే. రాకుంటె బస్సులు పెట్టుకుంటం. మల్ల నన్ను అనొద్దు."

నేను సరే అని ధైర్యంగానే బయటికి వచ్చాను, ఎందుకంటే నాకు మంచి కీపర్ ఉన్నాడు.

వాడిది భానూర్. వాళ్ల నాన్న కంపెనీలో కాంట్రాక్టు పని, తల్లి మా చర్చి స్త్రీల సమాజంలో పాటలు పాడుతుంది. వాడు సెలవుల్లో లారీ మీద నుంచి విసిరే మందుల అట్టపెట్టెలను కింద నిలబడి పట్టుకునే పని చేసేవాడు. ఒక్క పెట్టె కూడా జారవిడవడని వాళ్ల సూపర్‌వైజర్ మెచ్చుకునేవాడట. ఆ చేతులు చూసి గోల్లో నిలబెట్టాను. రెండేళ్లపాటు ఆ రాళ్లలో ఎలా పడాలో, ఎప్పుడు ముందుకు రావాలో, ఎప్పుడు నోరు తెరిచి డిఫెన్సును తిట్టాలో నేర్పాను. తిట్టడం మాత్రం త్వరగా వచ్చింది.

ఒక ఆదివారం ట్రాక్‌సూట్ వేసుకున్న మనిషి ఒకాయన కారు దిగి మా మ్యాచ్ చూస్తూ నిలబడ్డాడు. ఆటంటే ఇష్టం ఉన్నవాడు దొరకడమే అరుదు కదా అని నేనే పిలిచి టీ ఇప్పించాను. మా కీపర్ గురించి ఆయన అడగకముందే అంతా చెప్పాను. పెనాల్టీకి ఎటు దూకుతాడో ముందే తెలియనివ్వడని కూడా చెప్పాను. ఆయన హైదరాబాద్ దగ్గరి ఒక పెద్ద ప్రైవేటు కాలేజీ కోచ్ అని తర్వాత తెలిసింది. దారిన పోయే కంపను తగిలించుకోవడం అంటే ఇదే. ఈ కాలంలో పెద్ద కాలేజీలు టీముల్ని తయారు చేయవు, తయారైన పిల్లల్ని ఏరుకుంటాయి. సీటు ఉచితం, హాస్టల్ ఉచితం, ప్లాస్టిక్ గడ్డి గ్రౌండు. థర్డ్ ఇయర్‌కు అక్కడ చేరిపొమ్మని వాడికి ఫోన్ వచ్చింది.

వాడు నా దగ్గరికి వచ్చి గోల్‌పోస్టు పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, నేనేం జెయ్యాలె? మీరు వద్దంటె పోను."

"నన్నెందుకు అడుగుతున్నవ్‌రా? మీ అమ్మను అడుగు."

"అమ్మనే మిమ్మల్ని అడగమన్నది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నాకు మాత్రం కప్ప ఎవరో, పాము ఎవరో కూడా అర్థం కాలేదు. వద్దంటే వాడు నిజంగానే ఆగిపోయేవాడు. నా గ్రౌండు కోసం వాడి సీటు ఆపడానికి నేనెవణ్ణి? మరి రెండేళ్లు ఆ రాళ్లు ఏరింది ఎవరి కోసం? పో అన్నాను. ఆ మాట ప్రేమతో అన్నానో ఉక్రోషంతో అన్నానో నాకు తెలియదు. ఇంటికి వెళ్లి చెబితే మా ఆవిడ, "మంచి పని చేసినవ్" అంది. అన్నం పెడుతూ, "ఇగ గ్రౌండు సంగతేంది?" అని కూడా అంది.

మా క్రైస్తవ కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరికి ఉద్యోగం వచ్చినా, సీటు వచ్చినా, ఆపరేషన్ మంచిగా జరిగినా కృతజ్ఞత కూడిక పెడతారు. ఇంటి ముందు టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, పాటలు, వాక్యం, చివర బగారన్నం, కోడికూర. పిల్లలకు సీటు వస్తే వాళ్లకు నేర్పిన సారుతో ప్రార్థన చేయిస్తారు. అలా నా కీపర్ నన్ను వదిలిపోతున్నందుకు దేవుడికి వందనాలు చెప్పాల్సిన పని నా మీదే పడింది.

భానూర్‌లో వాళ్ల ఇంటి ముందు నిలబడి కళ్లు మూసుకున్నాను. మొదలు బాగానే పెట్టాను. ప్రేమగల తండ్రీ, ఈ బిడ్డకు నీవు తెరిచిన ద్వారం కొరకు స్తోత్రం అన్నాను. ఆ తర్వాత నోరు తనంతట తాను రెండేళ్ల అలవాటులోకి జారిపోయింది. ప్రతి మ్యాచ్ ముందు చేసే ప్రార్థనే వచ్చేసింది. ఈ బిడ్డ మా గోలును కాపాడునట్లు, ఎదుటి జట్టు యొక్క ప్రతి బంతి ఇతని చేతులలో చిక్కునట్లు, మా కాలేజీకి విజయం దయచేయుము తండ్రీ అన్నాను. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు.

అన్నం వడ్డిస్తూ వాళ్లమ్మ మెల్లగా అడిగింది. "సార్, వాడిప్పుడు ఆ కాలేజీల కదా. మన కాలేజీ గెలవాలని మొక్కితిరి. ఎట్ల మరి?"

"దేవుడు సర్దుకుంటడమ్మా" అన్నాను. కూర ఇంకొంచెం వెయ్యమన్నాను.

వాడు వెళ్లాక గోల్లో ఎవర్ని నిలబెట్టినా నాకు నచ్చలేదు. ఒకడు పొడుగ్గా ఉన్నాడు కానీ బంతి వస్తుంటే కళ్లు మూసుకుంటాడు. ఇంకొకడు కళ్లు మూసుకోడు కానీ పక్కకు జరిగి దారి ఇస్తాడు. ఆ దిగులుతోనే ఒక సాయంత్రం సదాశివపేట వెళ్లాను. అక్కడ ఒక చిన్న కాలేజీ టీము ఆడుతోందని విన్నాను. గోల్లో ఉన్న పిల్లవాడు పొట్టివాడు కానీ పిల్లిలా కదులుతున్నాడు. నేను గట్టు మీద నిలబడి చూస్తుంటే వాళ్ల పీడీ నవ్వుకుంటూ వచ్చాడు. కిరాణా దుకాణం వాళ్ల అబ్బాయి, నాకంటే చాలా చిన్నవాడు, నుదుట కుంకుమ బొట్టు. ఆటంటే ఇష్టం ఉన్న మనిషి వచ్చాడని సంబరపడి నాకు టీ ఇప్పించాడు. నేను అడగకముందే తన కీపర్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ టీ తాగకూడదని నాకు తెలుసు. అయినా తాగాను. పిల్లవాడిది ఏ ఊరని అడిగాను కూడా.

నా ట్రాక్‌సూట్ కోచ్ మీద నాకున్న కోపం అప్పుడు ఎటు పోయిందో చెప్పలేను. కరస్పాండెంటు గారిని అడిగి ఆ పిల్లవాడికి సీటు, హాస్టలు ఇప్పించాను. వాడు కూడా వాళ్ల సారును అడిగాడు. వాళ్ల సారు కూడా పొమ్మన్నాడు. అంత తేలిగ్గా ఎందుకు పొమ్మన్నాడని నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆ కోపానికి అర్థమేమిటో ఇప్పటికీ తెలియదు.

టోర్నమెంటులో సెమీస్ దాకా వెళ్లాం. కొత్తవాడు పిల్లిలాగే ఆడాడు. సెమీస్‌లో ఎదురుగా వచ్చింది నా భానూర్ పిల్లవాడి కొత్త కాలేజీయే. వాడు మెరిసే జెర్సీలో వచ్చి, "వందనాలు సార్" అన్నాడు. ఆట చివర్లో మాకు పెనాల్టీ దొరికింది. మా వాడు బలంగానే కొట్టాడు. భానూర్ వాడు సరిగ్గా నేను నేర్పినట్టు ఆఖరి క్షణం దాకా కదలకుండా నిలబడి, దూకి పట్టేశాడు. నేను చప్పట్లు కొట్టాను. మా పిల్లలందరూ తిరిగి నన్ను చూశారు. మేం ఓడిపోయాం, కానీ సెమీస్‌కు వచ్చాం కాబట్టి కరస్పాండెంటు గారు మాట తప్పలేదు. బస్సులు రోడ్డు మీదే ఉన్నాయి, గ్రౌండు గ్రౌండుగానే ఉంది.

ఆ తర్వాత సదాశివపేట నుంచి కొత్త కీపర్ తల్లి ఫోన్ చేసింది. ఆమె కూడా ప్రార్థనకు వెళ్లే మనిషే. బిడ్డ బాగా ఆడాడని కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం, మీరు తప్పక రావాలి అంది. వెళ్లాను. ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. పక్క కుర్చీలో ఆ కుర్ర పీడీ ఉన్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని, మీ టీము ఈసారి ఎక్కడా కనిపించలేదేమని అడిగాను.

"కీపర్ లేక టీమే దింపలే సార్" అన్నాడు. "వచ్చే ఏడు చూడాలె."

నేను శాలువా అంచు సర్దుకుంటూ కూర్చున్నాను. ఈలోగా అక్కడి పాస్టరయ్య లేచి, బిడ్డకు మొట్టమొదట ఆట నేర్పిన సారు ప్రార్థన చేస్తారని చెప్పారు. కుర్ర పీడీ కంగారుగా లేచాడు.

"నాకు మీ పద్ధతి రాదు పాస్టర్ గారూ."

"మీ మాటల్లనే చెప్పుండ్రి సార్."

అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. నేను మూసుకునేలోపే ఆయన గుడిలో నిలబడ్డట్టు చేతులు జోడించి, మామూలు గొంతుతోనే మొదలుపెట్టాడు.

"దేవుడా, ఈ పిల్లగాడు ఎడమ దిక్కు దుంకేటప్పుడు జెర లేటు చేస్తడు. కొత్త సారు చూసుకుంటడు, అయినా నువ్వు గూడ చూస్కో. చలికాలం వీనికి మోకాలు నొస్తది. మంచిగ ఆడనియ్యి." గొంతు తగ్గించాడు. "మాకు గూడ ఒక కీపర్‌ను చూడు."

అంతే. ఆ తర్వాత మాట లేదు. ప్రార్థన చేసినవాళ్లు ముగించేదాకా మావాళ్లు కళ్లు తెరవరు. ఎలా ముగించాలో ఆయనకు తెలియదు. టెంటు కింద అందరూ వంచిన తలలతో ఎదురుచూస్తున్నారు. బొంబాయి రోడ్డు మీద లారీలు పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను కళ్లు తెరిచాను. ఆయన అప్పటికే తెరిచి, ఇంకా చేతులు జోడించే ఉండి, ఇప్పుడేం చేయాలన్నట్టు నా వైపే చూస్తున్నాడు.

ఆ ఒక్క మాట ఎవరైనా అనొచ్చు. ఎవరూ అనలేదు.

"ఆమెన్" అన్నాను నేను.

అందరూ అన్నారు, కళ్లు తెరిచారు. కుర్చీలు జరిగాయి. ఆయన నా చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"ఏమన్న తప్పు చెప్పిన్నా సార్?"

"లేదు" అన్నాను. "కూసోండ్రి."