తడిగుడ్డ

ఉదయగిరిలో ఎండ ఆకాశం నుంచి మాత్రమే రాదు. పొద్దు వాలాక దుర్గం కొండ రాళ్ళు అంతవరకూ తాగిన వేడిని మెల్లగా మా వీధి మీదికి వదులుతాయి. అందుకేనేమో మా ఇంట్లో ఏ జబ్బుకైనా ముందు వినిపించే మాట "వేడి చేసింది". నోట్లో పుండు లేచినా, నా కాళ్ళ ఎముకల్లో నొప్పి పుట్టినా అదే మాట. మా నాన్నను కన్న అవ్వ వెంటనే పాత పంచె ముక్కను కుండనీళ్ళలో ముంచి, పిండి, నా పిక్కల చుట్టూ చుట్టేది.

ఆ మొదటి స్పర్శ ఎంత హాయిగా ఉండేదని! కళ్ళు మూసుకుంటే మంచం కింద నుంచి సోమశిల కాలవ నీళ్ళు పారుతున్నట్టే ఉండేది. ఆ నీళ్ళ మీద నేను, నా పక్కన తెరిచి బోర్లించిన పుస్తకం, అవ్వ చెయ్యి, మూడూ కలిసి తేలుతూ పోయేవాళ్ళం. కొంతసేపటికి నొప్పి ఇంకా లోతు నుంచి లేచేది. "లోపలి వేడి బయటికి పోతా ఉండాది, ఓర్చుకో" అనేది అవ్వ. ఓర్చుకునేదాన్ని. నలుగురిలో నోరు తెరవలేని నాకు, మాటలు అడగని చెయ్యి అదొక్కటే.

ఈ వేసవి మొదట్లో నా కళ్ళు పచ్చబడి, జ్వరం వచ్చి తగ్గకపోతే అమ్మ నన్ను ఆత్మకూరు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ నా రక్తాన్ని పరీక్షకు నెల్లూరు పంపించింది. ఫలితం వచ్చిన రోజు చీటీ వెనక రెండు బొమ్మలు గీసింది. ఒకటి గుండ్రం, ఒకటి కొడవలి.

"ఇది సికిల్ సెల్. నీ రక్తకణాలు ఇట్లా వంకర తిరిగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం అందని చోట నొప్పి. అక్కడ దెబ్బ తగిలిందనుకొని ఒళ్ళు తన బలగాన్నంతా పంపిస్తుంది. వాళ్ళొచ్చి గుంపు కడితే వాపు, వేడి. ఆ గుంపుతో దారి ఇంకా ఇరుకవుతుంది" అంది.

నీళ్ళు బాగా తాగమంది. రోజూ వేసుకోవాల్సిన మాత్ర రాసింది. జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకుండా వెంటనే రమ్మంది. చివర్లో, "చన్నీళ్ళ స్నానాలు, ఐసు, తడిగుడ్డలు వద్దు. చల్లదనానికి నాళాలు ముడుచుకుంటాయి" అంది.

అమ్మ నా వైపు చూసింది. నేను కొడవలి బొమ్మ వైపు చూశాను.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి మగతలో పడ్డాను. నిమ్మతోటలు, వాటి కింద నల్లటి డ్రిప్ పైపులు వెనక్కి పోతున్నాయి. ఆ పైపుల్లో చిన్న చిన్న ఎర్ర పడవలు, మొనలు ఒకదానికొకటి తగులుకొని ఆగిపోయినట్టు కనిపించాయి. అమ్మ మాట ఆ కలలోకే వచ్చింది.

"తడిగుడ్డ సంగతి అవ్వకు చెప్పబాక. ప్రాణం పెట్టి చూసుకునింది. తట్టుకోలేదు."

ఇంటికి రాగానే అవ్వ అడిగింది. "ఏమన్నాదంట డాక్టరు?"

"రక్తంలో లోపమంట. పుట్టుకతో వచ్చిందంట" అంది అమ్మ.

"మీ పుట్టింటోళ్ళ నుంచే అయ్యుంటాది."

"ఇద్దరి వైపు నుంచీ వస్తేనే ఈ జబ్బంట, అత్తా."

అవ్వ ఇక ఆ ఊసు ఎత్తలేదు. నాకు మాత్రం భయం పట్టుకుంది. చెప్పకపోతే మళ్ళీ తడిగుడ్డ వస్తుంది. చెబితే ఆ చెయ్యే మళ్ళీ రాకపోవచ్చు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నొప్పి పుట్టింది. అవ్వ గుడ్డ పిండుకుంటూ వచ్చింది. నేను కాళ్ళు ముడుచుకున్నాను.

"వద్దవ్వా. చల్లది పెడితే నొప్పి ఎక్కువవుద్దంట."

"ఏంది పాపా, కాలు నిప్పుల్లో ఉంటే ఇంకా నిప్పులు పెట్టమంటావా?"

పడవల గురించీ, గుంపు గురించీ తడబడుతూ చెప్పాను. చలికి దారులు ముడుచుకుంటాయన్నాను. అవ్వ వింటూ కూర్చుంది. గుడ్డలోని నీళ్ళు ఆమె పాదం మీద కారుతున్నాయి.

"అంటే ఇన్నేళ్ళు నేనే నొప్పి చేసినానా?"

కాదనాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆ కళ్ళు అబద్ధం కోసం అడగడం లేదు.

"జబ్బు నువ్వు తేలేదవ్వా. తడిగుడ్డకు నొప్పి కొన్నిసార్లు ఎక్కువయ్యుంటాది. నువ్వు తాపిన మజ్జిగనీళ్ళు మాత్రం మంచివే. నీళ్ళు చాలకపోయినా నొప్పి లేస్తాదంట."

అవ్వ లేచి వంటింట్లోకి పోయింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. గోడ మీద వెలుతురు నీళ్ళలా కదిలింది. ఇక రాదనుకున్నాను. ఇంతలో బాణలిలో ఉప్పు వేగుతున్న చిటపటలు వినిపించాయి.

వేడి ఉప్పు మూట తెచ్చి, ముందు తన చెంపకు ఆనించుకొని చూసుకుంది.

"ఈ ఎండల్లో కాపడం పెట్టే ముసల్దాన్ని చూస్తే ఊరంతా నవ్వుద్ది" అని గొణుగుతూ నా కాలి మీద పెట్టింది. "కాల్తా ఉండాదా?"

"లేదవ్వా."

"ఓర్చుకోబాక. ఓర్చుకొని ఓర్చుకొని ఇంతదాకా తెచ్చినావు. ఏడ నొప్పో చెప్పు."

ఎక్కడో చెప్పడం నాకెప్పుడూ రాలేదు. కాసేపు వెతుక్కున్నాను.

"ఇంకొంచెం కిందికి, అవ్వా" అన్నాను.